ఒక్క దెబ్బ అంటే ఆపు

ఈ మాట ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు పేజీ సగం రాసి వదిలేశాను. ఆ ఆదివారం కారు ఆపమని కొట్టింది నేను కాదు.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. లైబ్రరీలో దొరికిన దయ్యాల కథలన్నీ చదివాను, చదివి లైటు ఆర్పేసి హాయిగా నిద్రపోయాను. అందుకే జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మాది గోదావరిఖని. బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయిలో హాలేజీ ఇంజన్ నడిపేవాడు. బొగ్గు నింపిన టబ్బులను తాడుతో లాగే ఇంజన్ అది. టబ్బుల దగ్గరుండే మనిషి ఎక్కడో దూరంగా చీకట్లో ఉంటాడు. కనిపించడు, పిలిస్తే వినిపించడు. అతను తీగ లాగితే ఇంజన్ పక్కనున్న ఇనుప రేకు మీద ఇనుప సుత్తి దెబ్బ పడుతుంది. ఒక్క దెబ్బ అంటే ఆపు. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని అడగకూడదు. ముందు ఆపాలి.

రిటైరయినా ఆ అలవాటు మా ఇంట్లో పోలేదు. బాపు ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడితే అమ్మ గరిటెతో గిన్నె మీద ఒక్కటి కొడుతుంది. ఆయన మాట మధ్యలోనే ఆగిపోతాడు. నేనేమో షేర్ ఆటోలో "ఇక్కడ ఆపన్నా" అనడానికి సిగ్గుపడి, వేలి కణుపుతో రాడ్డు మీద కొడతాను. ఒక్కోసారి డ్రైవరుకు వినపడక రెండు స్టాపుల అవతల దిగి నడిచి వస్తాను. ఇంట్లో అందరికీ ఇదొక నవ్వు.

కిందటేడు బాపు పాత కారు ఒకటి కొన్నాడు. క్రూజ్ కంట్రోల్ ఉందనే కొన్నాడు. బాయిలో పనిచేసినప్పుడే ఆయన కుడి మోకాలు పాడైంది. అరగంట యాక్సిలరేటర్ తొక్కితే వాస్తుంది. క్రూజ్ ఉంటే వేగం ఒకసారి సెట్ చేసి కాలు తీసేయొచ్చు. తనే నడుపుకుంటూ పోయి హైదరాబాద్‌లో అక్క ఇంటి ముందు దిగాలని ఆయన కోరిక.

ఆ క్రూజ్ ఒక్కసారి కూడా పట్టలేదు. డాష్‌బోర్డు మీద గుర్తు వెలుగుతుంది, సెట్ నొక్కితే మాత్రం ఏమీ జరగదు. మెకానిక్ ఖాజా భాయి ఫ్యూజు మార్చాడు, స్టీరింగ్ మీది బటన్లు విప్పి చూశాడు.

"అన్నీ మంచిగనే ఉన్నయ్ కాకా. బండికే నీ మీద మనసు పడలే," అన్నాడు.

అమ్మ తేల్చేసింది. "ఈ ఐతారం పనిచెయ్యకపోతే అమ్ముడే. కుంటుకుంట హైదరాబాద్ పోవుడు నాకొద్దు."

ఆదివారం పొద్దున బసంత్‌నగర్ వైపు బయలుదేరాం. అమ్మ ముందు కూర్చుంది. నేను కారుతో వచ్చిన పుస్తకం పట్టుకుని వెనక కూర్చున్నాను. ఏ పుస్తకమైనా మొదటి పేజీ నుంచి చదవడం నా అలవాటు.

"నలభై దాటాలె బాపూ."

"దాటింది."

"బ్రేకు మీద కాలుండద్దు. క్లచ్ మీద గూడ."

"లేదు బిడ్డా. మా మేనేజర్ గూడ గిన్ని అడగకపోయేది."

సెట్ నొక్కాడు.

డిక్కీ వైపు నుంచి ఒక్క దెబ్బ. గట్టిగా, తేటగా.

బాపు ఆలోచించలేదు. కారు పక్కకు తీసి ఆపేశాడు. ఇద్దరూ నా వైపు తిరిగారు.

"దీనికి నోరు లేదు గదా, కొట్టుడే వస్తది," అని అమ్మ నవ్వింది.

నా రెండు చేతులూ పుస్తకం మీదే ఉన్నాయి. నేను కాదు అనబోతూ డిక్కీ వైపు తిరిగి చూశాను. నా మొహం చూసి బాపు, "ఏమైంది బిడ్డా? దిగు, గాలి పీల్చుకో," అన్నాడు.

దిగి డిక్కీ తెరిచాను. స్టెప్నీ బిగించే ఉంది. జాకీ గుడ్డలో చుట్టి ఉంది. కదిలే వస్తువేదీ లేదు. మూత మీద బొగ్గు దుమ్ము పేరుకుని ఉంది. నేను పట్టుకున్న చోట తప్ప ఇంకే జాడా లేదు.

మూత వేశాక గమనించాను. బాపు బ్రేకు తొక్కిపట్టే ఉన్నాడు, బండి ఆపితే కాలు తీయకపోవడం ఆయన అలవాటు. వెనక లైట్లు మాత్రం వెలగడం లేదు.

"బాపూ, లైట్లు వస్తలేవు!" రోడ్డు మీద నేనంత గట్టిగా అరవడం అదే మొదటిసారి.

సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి మమ్మల్ని దాటిపోయాయి. ఇన్నాళ్లూ మేం బ్రేకు వేసిన సంగతి వెనకొచ్చే లారీలకు తెలియనే లేదు. ఎవరి బండి వెనక లైట్లు వాళ్లకు కనపడవు కదా. పుస్తకంలో అదే పేజీ కింద చిన్న అక్షరాల్లో ఉంది: బ్రేకు లైట్లు వెలిగించే స్విచ్ చెడిపోతే క్రూజ్ పట్టదు.

ఖాజా భాయి పెడల్ పైనున్న స్విచ్ మార్చాడు. అగ్గిపెట్టెలో పట్టేంత ఉంది. లైట్లు వెలిగాయి, క్రూజ్ పట్టింది. "బండి నాకంటె తెలివైంది," అని ఆయనే నవ్వాడు. వెనక ఏదైనా వదులుగా ఉందేమో చూడమని మెల్లగా అడిగాను. కారు కిందికి దూరి చూశాడు. ఏమీ లేదు.

క్రూజ్ ఎందుకు పట్టలేదో తెలిసింది. ఆ దెబ్బ ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు. మళ్లీ ఎప్పుడూ వినపడలేదు. సమయానికి కొట్టి ఆపానని మెచ్చుకున్న వాళ్లందరికీ నేనే కొట్టినట్టు తలూపాను.

పోయిన నెల హైదరాబాద్ వెళ్లాం. కరీంనగర్ దాటాక బాపు క్రూజ్ పెట్టి, కాలు తీసి, ఈల వేసుకుంటూ కూర్చున్నాడు. అమ్మ నిద్రపోయింది. కొంతసేపటికి ఈల ఆగింది. అద్దంలో నన్ను చూసి ఆయన ఒక మాట అడిగాడు.

"మంచిగ ఆపినవ్ బిడ్డా. గానీ బాయిల ఏండ్లకేండ్లు ఇన్న చప్పుడది. ఒట్టి చేతులతోని ఇనుము మీద ఇనుము కొట్టినట్టు ఎట్ల కొట్టినవ్?"