అక్కడ మనోళ్ళెవరన్నా ఉన్నారా?

మంగళవారం పొద్దున కొత్తపేట రైతుబజారులో దొండకాయలు ఏరుతుండగా ఫోను మోగింది. మా ఆడపడుచు భర్త. "అక్కయ్యా, మీ ఆడపడుచు నిద్రలోనే పోయింది" అన్నాడు. అంతకుమించి చెప్పలేకపోయాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు. "మరి గురువారం మీటింగు?" అనిపించింది. ఈ మాట వింటే ఆమె నవ్వి ఉండేది. నేను పోయినా ఆమెకు అదే తోచి ఉండేది.

ఆడపడుచు అనగానే మీకు ఒక రకం మనిషి గుర్తొస్తుంది కదా, మొదటి ముప్పై ఏళ్ళు ఆమె అచ్చంగా ఆ రకమే. నా సాంబారు మీద ఆమె చేసిన విమర్శలు అచ్చు వేస్తే ఒక పుస్తకమవుతుంది. యూనివర్సిటీలో సమాజశాస్త్రం చెప్పి ఆమె, సైదాబాద్ బళ్ళో తెలుగు చెప్పి నేను రిటైరయ్యాక, పోట్లాడుకోవడానికి సొంత మనుషులు తక్కువైపోయి ఇద్దరం స్నేహితులమయ్యాం.

రిటైరైనా యూనివర్సిటీ ఆమెను వదల్లేదు. మనిషికీ, సంస్థలకీ, సమాజానికీ మధ్య నమ్మకం ఎలా నడుస్తుందో కనుక్కోవాలని నాలుగు డిపార్ట్‌మెంట్లు కలిసి ఒక పరిశోధన మొదలుపెట్టాయి. దానికి ఈమె పెద్ద. ఆర్థికశాస్త్రం ఆయన మనిషిని జేబులోంచి చూస్తాడు. న్యాయశాస్త్రం ఆయన సంతకంలోంచి చూస్తాడు. మనస్తత్వశాస్త్రం అమ్మాయి బుర్రలోంచి చూస్తుంది. మా ఆడపడుచు మాత్రం పక్కింటి కిటికీలోంచి చూసేది. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో తయారయ్యాయి. "వదినా, వీటిని తెలుగు చేసిపెట్టు" అని నా ముందు పడేసింది. ముప్పై ఏళ్ళు వ్యాకరణం చెప్పినదాన్ని, ఊరుకుంటానా? మొదటి ప్రశ్న ఇలా రాశాను: "సమాజంలోని సంస్థలపై మీకు గల విశ్వాసం ఎంత? ఒకటి నుండి అయిదు వరకు గుర్తించండి." రాసి, రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

ఆ కాగితాలతో దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో పది రోజులు తిరిగాం. ఆమె జుట్టుముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. ఎవరింటికి వెళ్ళినా ముందు కూర్చోవడానికి చోటు చూసుకునేది, మెట్టయినా సరే. "నిలబడి అడిగితే నిలబెట్టే పంపుతారు వదినా" అనేది. "అవును అని చప్పున చెప్పినవాళ్ళ దగ్గర ఇంకో నిమిషం కూర్చో" అనేది కూడా.

పదో రోజున కొత్తపేట సందులో జాకెట్లు కుట్టే ఒకావిడ దగ్గర కూర్చున్నాం. నల్గొండ వైపు నుంచి వచ్చిన మనిషి. నేను గొంతు సవరించుకుని నా ప్రశ్న చదివాను.

"సంస్థనా? మా పిల్ల పోయే కోచింగే గద" అంది ఆవిడ, మిషను ఆపకుండా. "చదువు మంచిగనే చెప్తరు, గని ఏసీ పనిచేయదు."

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ గోడ మీద చూసినా 'మా విద్యాసంస్థల ర్యాంకులు' అనే ఉంటుంది. మరి సంస్థ అంటే జనం ఏమనుకుంటారు? అంటే పది రోజులుగా వీధి వీధంతా మాకు కోచింగ్ సెంటర్ల గురించి చెబుతోంది, మేము సమాజం గురించి రాసుకుంటున్నాం.

"ఇగ విశ్వాసమంటవా" అని ఆవిడ దారం తెంపింది, "అది కుక్కకుంటది గద టీచరమ్మా. మనిషికెందుకు?"

తలెత్తలేకపోయాను. మా ఆడపడుచు చూస్తే వెలిగిపోతోంది. ముడిలోంచి పెన్సిలు తీసి, నా ప్రశ్నపత్రం తిరగేసి, వెనక తెల్లవైపు పెట్టుకుని, ఆవిడ యాసలోనే అడిగింది.

"మీ ఇంట్ల ఎవరికన్న బాగలేదనుకో. దవాఖానకు పోయే ముందుగాల ఏం చేస్తవు?"

"ఫోన్ చేస్త. ఆడ మనోళ్ళెవరన్న ఉన్నరా అని."

"ఉంటే?"

"ధైర్యం."

"లేకుంటే?"

"పోక తప్పుతదా? గని జర పరేషాన్."

"మరి నీకు ఆ దవాఖానల మనోళ్ళు ఎవరు?"

"ఆయా ఉన్నది ఒకామె. ఆమెకు జాకెట్లు నేనే కుడ్త. కొలతలు తెల్సు. ఇగ మనోళ్ళే గద."

ఆ మాట దగ్గర మా ఆడపడుచు పెన్సిలు ఆగిపోయింది. బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుని చెరుకు రసం బండి దాకా లాక్కెళ్ళింది. అక్కడ గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన ఒకాయన గ్లాసు పట్టుకుని ఉంటే, పరిచయమైనా లేకుండా అడిగేసింది, కరెంటాఫీసులో పనిపడితే ముందు ఏం చేస్తారండీ అని. "మనవాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కుంటామండీ" అన్నాడాయన, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"విన్నావా వదినా? యాస వేరు, మాట ఒకటే. నా సర్వీసంతా వెతికినా ఇంత మంచి తప్పు ఎవరూ చేసిపెట్టలేదు. నువ్వు చేశావు."

నా సాంబారుకు ఏనాడూ రాని మెప్పు నా తప్పుకు వచ్చింది.

మనవాళ్ళు అనే మాటకు ఇంకో అర్థం ఉందని, దాన్ని అందరం మర్యాదగా కండువా కింద దాచుకుంటామని నేను గుర్తుచేశాను. "అందుకే కదా, 'పనిపడితే ముందు ఏం చేస్తావు?' మొదటి ప్రశ్న, 'నీకు మనోళ్ళు ఎవరు?' అన్నదే రెండో ప్రశ్న" అంది. ఆ రెండు ప్రశ్నలతో మళ్ళీ తిరిగాం. కులం చెప్పినవాళ్ళు ఉన్నారు, ఊరు చెప్పినవాళ్ళు ఉన్నారు. ఒకే బస్సులో పదేళ్ళు నిలబడి ప్రయాణం చేసినవాళ్ళను చెప్పినవాళ్ళూ ఉన్నారు. రోజూ సాయంత్రం సంచీ నిండేది, తిరిగి వచ్చేటప్పుడు కుట్టు మిషను ఆవిడ దగ్గర కాసేపు కూర్చునేవాళ్ళం. ఆమె మెట్లు రెండేసి ఎక్కేది. ఆ గుండె ఆ పరుగుకు చాలదని మాకెవరికీ తెలియలేదు, ఆమెకు తెలిసినా చెప్పలేదు.

అయితే యూనివర్సిటీలో గొడవైంది. "ఇది సర్వేనా మేడమ్, పెళ్ళిచూపులా?" అన్నాడట న్యాయశాస్త్రం ఆయన. జవాబులు అంకెల్లో లేవన్నాడు ఆర్థికశాస్త్రం ఆయన. దిల్‌సుఖ్‌నగర్ కాగితాలు పక్కన పడేసి, ఒకటి నుంచి అయిదు అంటూ మళ్ళీ మొదలుపెట్టాలా, లేక ఆ రెండు ప్రశ్నలతోనే ఎల్బీ నగర్ వెళ్ళాలా అన్నది గురువారం తేలాలి. ఆమె మంగళవారం పోయింది.

గురువారం ఆ సంచీ నేనే తీసుకుని బయలుదేరాను. సంచీతో పాటు పెన్సిలు కూడా ఆమె భర్తే ఇచ్చాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నా ముడిలో గుచ్చుకున్నాను. యూనివర్సిటీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"ఎవల్ని కలవాలె అమ్మా? లోపట మీ వాళ్ళు ఎవరన్న ఉన్నరా?"

మూడు రోజుల్లో మొదటిసారి నవ్వాను. అతను కంగారుపడి కుర్చీ వేశాడు. కూర్చుని, కాగితం తీసి, ఆ మాట ఇంకోసారి చెప్పించుకుని రాసుకున్నాను.

లోపల మీటింగులో నేను చేసింది అంతే. పాఠం చెప్పలేదు. నా చేత్తో రాసిన మొదటి ప్రశ్న, దానికి కోచింగ్ ఏసీ గురించి వచ్చిన జవాబు చదివాను. తరవాత అదే కాగితం తిరగేసి, కుట్టు మిషను ఆవిడ మిగతా మాటలు చదివాను. చివరగా, "పది నిమిషాల కిందట మీ గేటు దగ్గర" అని వాచ్‌మన్ మాట చదివాను. "మా పెద్దమ్మాయి సీటు కోసం నేనూ అలాగే ఫోన్లు చేశాను" అన్నాడు న్యాయశాస్త్రం ఆయన మెల్లగా. "రాసుకోమంటారా?" అన్నాను. మనస్తత్వశాస్త్రం అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. ఆర్థికశాస్త్రం ఆయన అంకెల సంగతి తరవాత చూద్దాం అన్నాడు. రెండు ప్రశ్నలూ నిలబడ్డాయి.

సోమవారం ఎల్బీ నగర్ మెట్రో మెట్ల దగ్గర మొదలుపెడుతున్నాం. మోకాళ్ళు నొప్పి అన్న సాకు ఇంట్లోనే వదిలి వెళుతున్నాను.

నిన్న ఆ సంగతి చెబుదామని కుట్టు మిషను ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే అలవాటు కొద్దీ రెండు స్టూళ్ళు బయటికి వేసింది. "మేడమ్ ఎన్కనే వస్తున్నదా?" అని సందు మొదటి దాకా చూసింది. చెప్పాను. ఆవిడ మిషను ముందు కూర్చుని, ఊడిన దారం మళ్ళీ సూదిలోకి ఎక్కించింది.

"రాసుకో టీచరమ్మా" అంది చివరికి. "యూనివర్సిటీల మనోళ్ళు ఒకామె ఉండె."

రాసుకున్నాను. ఆవిడ మళ్ళీ కుట్టుకోసాగింది. రెండో స్టూలు లోపల పెట్టమని నేననలేదు, ఆవిడా పెట్టలేదు. మిషను అదురుకు అది మా మధ్య కొద్దికొద్దిగా కదులుతూ ఉంది, ఎవరో కూర్చుని ముందుకు జరుగుతున్నట్టు.