ఆడవాళ్ళ గేటు దగ్గర ఉయ్యాల కొక్కేలు

మా ఊరి సినిమా హాల్లో మా అమ్మ పదిహేనేళ్ళు పనిచేసింది. ఆ హాల్లో ఒక్క సినిమా కూడా చూడలేదు. ఈ సంగతి నాకు తెలిసి మూడు వారాలైంది. ఇప్పటికీ అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపేసి కూర్చుంటున్నాను.

హాలు పడగొడుతున్నారని విని, ఒకసారి చూపిద్దామని అమ్మను తీసుకెళ్ళాను. పొగాకు గోడౌన్‌గా కట్టిన బిల్డింగది. పొగాకు కలిసిరాక యజమాని ఒక గోడకు తెల్లసున్నం కొట్టించి, ఎదురుగోడకు ప్రొజెక్టరు కోసం రెండు చదరపు కన్నాలు పెట్టించి సినిమా హాలు చేశాడు. ఇంటింటికీ టీవీలొచ్చాక అది మిర్చి గోడౌన్ అయింది. ఇప్పుడు అక్కడ కల్యాణ మండపం కడతారట. మా ఊళ్ళో కల్యాణ మండపాలకేదో కరువొచ్చినట్టు.

ఆడవాళ్ళ గేటు పక్కన పొడుగాటి వరండా ఉంది. దాని దూలానికి వరసగా తుప్పు పట్టిన ఇనుప కొక్కేలు కనిపించాయి. మిర్చి బస్తాలు తూచే కాటా తగిలించడానికేమో అన్నాను.

"కాటా ఏందే. ఉయ్యాలలు కట్టేవి," అంది అమ్మ.

మిరపకోతలకు వెళ్ళే ఆడవాళ్ళు చంటిపిల్లలను చంకనేసుకునే సినిమాకు వచ్చేవాళ్ళట. లోపల పిల్ల ఏడిస్తే బెంచీల వాళ్ళు ఒకటే గోల. అందుకని యజమాని భార్య వరండాలో కొక్కేలు కొట్టించింది. తల్లులు ఇంటి నుంచి పాత చీర తెచ్చి, ఉయ్యాల కట్టి, పిల్లను మా అమ్మకు అప్పజెప్పి లోపలికి వెళ్ళేవాళ్ళు. ఆట అయ్యేదాకా ఆ ఉయ్యాలలు ఊపడమే అమ్మ పని. అమ్మ హాలుకు వెళ్ళినప్పుడు నేను అమ్మమ్మ దగ్గర ఉండేదాన్ని కాబట్టి 'హాల్లో పని' అని తప్ప ఏమీ తెలియదు. టికెట్లు చింపుతుందేమో అనుకునేదాన్ని.

"మరి సినిమా ఎప్పుడు చూసేదానివి?" అన్నాను నవ్వుతూ.

"నేనెప్పుడు చూశానే?"

అమ్మ సరదాకు అంటోందేమోనని మొహంలోకి చూశాను. కాదు.

మీకు మా కల్లం సంగతి చెప్పాలి. ఎండబోసిన మిరపకాయల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి పల్లె ఆడవాళ్ళంతా కూర్చునేవాళ్ళు. మధ్యలో అమ్మ. చేత్తో కాయలు ఏరుతూ నోటితో సినిమా చెప్పేది. కథానాయిక ఏ చీర కట్టింది, ఏ చేత్తో కన్నీళ్ళు తుడుచుకుంది, అత్త ఎలా మూతి తిప్పింది, అన్నీ. కళ్ళు తుడుచుకుందామంటే చేతులకు మిరపకాయల కారం, అందుకని అందరూ భుజాలకు కళ్ళు రుద్దుకునేవాళ్ళు. నేనూ సినిమాకు వెళ్తానంటే, "టికెట్టు తగలేసుకోవడం ఎందుకు, నేను చెప్తాగా," అనేది. నేను పెద్దయ్యేలోపే హాలు మూతపడింది. ఒక సినిమా చివరి సీన్లో కథానాయిక కట్టింది పసుపు అంచు ఆకుపచ్చ చీరా, తెల్లచీరా అని స్నేహితురాలితో పోట్లాడి వారం రోజులు మాటలు మానేశాను. ఆ స్నేహితురాలు సినిమా కళ్ళారా చూసింది. నాకు మా అమ్మ చెప్పింది.

"ఆ ఆకుపచ్చ చీర?" అన్నాను.

"ఎదురుగా ఏ ఉయ్యాల ఊగుతుంటే ఆ చీర కట్టేదాన్ని హీరోయిన్‌కి."

ఒళ్ళు మండిపోయింది. నా చిన్నతనంలో సగం ఆ సినిమాలే. "అందరికీ అబద్ధాలు చెప్పావన్నమాట," అనేశాను.

అమ్మ మొహం చిన్నబోయింది. "అబద్ధం ఎందుకాడతా? విన్నది చెప్పా. గేటుకి నల్లగుడ్డ కట్టుండేది, మాటలన్నీ వినపడేయి. బాప్తిస్మం తీసుకున్నరోజు సినిమా చూడనని పాస్టరుగారికి మాటిచ్చా. విననని ఇయ్యలా."

పదిహేనేళ్ళు. అడ్డం ఒక్క నల్లగుడ్డ. చెయ్యెత్తి పక్కకు జరిపితే చాలు. ఎవరూ చూడరు. ఒక్కసారి కూడా జరపలేదా అని అడిగాను. మాటిచ్చాక ఎట్టా జరుపుతానే అని నన్నే వింతగా చూసింది. నేనైతే మొదటి రోజే జరిపేదాన్ని.

లోపలికి రమ్మంటే గడప దగ్గర ఆగింది. "బొమ్మ ఆడట్లేదుగా?"

"ఉత్త గోడలేనమ్మా."

చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. మిర్చి ఘాటుకు ఇద్దరం కాసేపు దగ్గాం. అమ్మ నాలుగు గోడలూ తిరిగి చూసి, "బొమ్మ ఏ వైపు పడేది?" అని అడిగింది.

పదిహేనేళ్ళు ఇక్కడ పనిచేసిన మనిషి అడగాల్సిన మాటేనా అది? కన్నాలకు ఎదురుగా ఉన్న తెల్లగోడ వైపు వేలు చూపించాను. అమ్మ వెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టింది. తల బాగా పైకెత్తింది.

"ఇదంతా బొమ్మేనా?"

"అంతా. మొహం ఒక్కటే గోడంతా ఉండేదట."

గోడను ఆ చివర నుంచి ఈ చివరదాకా చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నేను బయట పోస్టరు ఉంటదే, బొమ్మలో మనుషులు అంతే ఉంటారనుకున్నా," అంది. "అందుకా ఆడాళ్ళు అట్టా కళ్ళు వాచిపోయి వచ్చేవాళ్ళు. మీకు అంతా చిన్నది చేసి చెప్పానే అమ్మాయ్."

కల్లం నిండా ఆడవాళ్ళను ఏడిపించిన మనిషి, నా ముందు తప్పు చేసినదానిలా తలదించుకుని నిలబడింది.