దోటికి కట్టిన ఫోను, నా ఆఫ్‌సైడ్ గోలు

పోయిన నెల టీవీలో ఒక పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్. బొటనవేలంత తేడాకి వీడియో రిఫరీ గోలు రద్దు చేశాడు. మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు అదే రచ్చ. వీడియో వచ్చి ఆటను చంపేసిందని అందరూ, అదే లేకపోతే అన్యాయమని నేనొక్కడినీ. నా మంట వేరు. పన్నెండేళ్ల కిందట కాలేజీ ఫైనల్లో లైన్‌మన్ రాకపోతే నా రూమ్మేట్ రమణయ్య చేతికి జెండా ఇచ్చారు. నా గోలుకి వాడే ఆఫ్‌సైడని, అంటే నాకు పాస్ ఇచ్చేసరికే అవతలి జట్టు డిఫెండర్లను దాటి ముందున్నానని జెండా ఎత్తాడు. కప్పు పోయింది. "ఆ రోజు వీడియో ఉంటే నీ బండారం బయటపడేది" అని గ్రూపులో రాశాను. "ఆదివారం ఉదయగిరి రారా. మా దగ్గర గూడా వీడియో ఉండాది" అన్నాడు. వాడిప్పుడు ఆత్మకూరులో పీఈటీ, ఆ చుట్టుపక్కల మ్యాచ్‌లకి రిఫరీ. ఉదయగిరి దుర్గం చూసొస్తానని ఇంట్లో చెప్పాను. నిజానికి వాడు తప్పు చేస్తుంటే చూడాలని వెళ్లాను.

నెల్లూరులో ఏడింటికి బస్సెక్కితే ఎనిమిదిన్నరకల్లా ఆత్మకూరు. రమణయ్య బస్టాండులోనే ఉన్నాడు. ఇడ్లీ కొట్టామె వాణ్ణి చూడగానే "సారూ, వేడియి దిగినాయి, ఉండండి" అంది. నాకు చల్లారినవి పెట్టింది. ఉదయగిరి బస్సులో ఎవరో లేచి వాడికి సీటిచ్చారు. గంటన్నర దారి, నేను సగం దూరం నిలబడ్డాను. టికెట్లు రానూపోనూ నాలుగు వందలు దాటవు. కుళ్లు మాత్రం ఉచితం.

మూడున్నరకి కొండ కింద మైదానంలో మ్యాచ్, ఉదయగిరికీ వరికుంటపాడుకీ. గీత పక్కన గొర్రెల కాపరి పెంచలయ్య నిలబడ్డాడు. మేకలకి కొమ్మలు వంచే పొడవాటి దోటి ఆయన చేతిలో ఉంది, దాని కొసన ఫోను కట్టి ఉంది. అదే వాళ్ల వీడియో.

ఆట ముగుస్తుందనగా ఉదయగిరి గోలు కొట్టింది. గోలేనని రమణయ్య ఈల ఊదాడు. వరికుంటపాడు వాళ్లు మూగారు. "ఆఫ్‌సైడు సా! ఒకసారి చూడండి సా!" ఎండకి తెర కనపడదని వాడు పెంచలయ్య ఫోను మీదికి వంగి, తువ్వాలు కప్పుకుని చూశాడు. తప్పు పట్టుకోవాలని నేనూ తల దూర్చాను. నిజంగానే ఆఫ్‌సైడ్! నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఊరంతా వీడి మీద పడుతుందనుకున్నాను.

వాడు తువ్వాలు తీసి, "తప్పు నాదే. గోలు గాదు" అన్నాడు.

"ఏంది సా, ముందే చూసుకోబళ్లా!" అని ఉదయగిరి కెప్టెన్ విసుక్కున్నాడు. వెంటనే వెనక్కి తిరిగి, "సారు చెప్పినారుగా, ఆడండ్రా" అన్నాడు. మ్యాచ్ డ్రా. చివర్లో వాడికి సోడా తెచ్చిచ్చింది కూడా ఆ కెప్టెనే. నా ఒళ్లు భగ్గుమంది. తప్పు చేసి కూడా గెలవడమేంటండీ!

తిరిగొచ్చేటప్పుడు ఆత్మకూరులో, నా నెల్లూరు బస్సు దగ్గర రమణయ్యే ఆ మాట ఎత్తాడు. "నీ గోలు విషయం నాకిప్పటికీ అనుమానమేరా. నేనే తప్పు చేసినానేమో. మనసులో పెట్టుకోబాక."

పన్నెండేళ్లుగా వినాలనుకున్న మాట. "పోనీలేరా" అన్నాను, పెద్ద మనసున్నవాడిలా. బస్సు కదిలింది. కిటికీలోంచి చెయ్యి కూడా ఊపాను.

వెళ్లేవాళ్లకి ఒక సలహా. నెల్లూరుకి ఆఖరి బస్సు ఎప్పుడో పొద్దున్నే కండక్టర్ని అడిగిపెట్టుకోండి, ఆదివారాలు బస్సులు తొందరగా అయిపోతాయి. ఇక రమణయ్యా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. ఆ రోజు నేను అడుగు ముందున్నాను. బంతి తన్నకముందే నాకు తెలుసురా.