ఖాళీ వెనక సీటు

నా చిన్నప్పుడు ఆదివారాలన్నీ వీధి గుమ్మంలోనే గడిచాయి. మిగతా పిల్లలకి ఆదివారమంటే ఆట, నాకేమో కాపలా. బస్సు దిగి నడిచొచ్చే నాన్న కోసం పొద్దున ఏడింటి నుంచి ఆ గుమ్మం పట్టుకుని కూర్చునేదాన్ని. పిన్ని ఇడ్లీ పెట్టి పిలిచినా కదిలేదాన్ని కాదు. పన్నెండేళ్ళ దానికి ఇంత మొండితనం ఎక్కడిదని ఆవిడ విసుక్కునేది. ఎక్కడిదేమిటి, వాళ్ళ అక్కదే. ఆ మాట పైకి అంటే పిన్ని ఏడుస్తుందని ఊరుకునేదాన్ని.

అమ్మ పోయి అప్పటికి ఏడాది. నాన్న దివిసీమలో, నాగాయలంక అవతల ఒక చిన్న ఊళ్ళో గుమాస్తా. పొద్దున వెళ్తే మళ్ళీ దీపాలవేళకే ఇంటికి చేరేవాడు. ఎదిగే ఆడపిల్లని రోజంతా ఒక్కదాన్నే వదలడం మంచిది కాదని చుట్టాలంతా కూర్చుని తేల్చి, నన్ను బందరులో, చిలకలపూడిలో ఉన్న పిన్ని ఇంట్లో చేర్చారు. నన్నెవరూ అడగలేదు. నాన్నని కూడా ఎవరూ అడగలేదని పెద్దయ్యాక తెలిసింది.

పిన్నికి చేతి నిండా పని, నోటి నిండా మాట. బాబాయి అందుకు పూర్తిగా విరుద్ధం. రోల్డుగోల్డు గాజులకీ గొలుసులకీ పూత పెట్టే చోట రోజంతా వంగి పనిచేసి, ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చునేవాడు. "అన్నం పెట్టు" అన్న రెండు ముక్కలు తప్ప ఆయన నోటి నుంచి మూడోది ఊడిపడదు. నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు కూడా లేదు. ఈ మనిషికి నేను బరువైపోయాను కాబోలని, ఆయన గదిలోకి వస్తే నేను పెరట్లోకి పోయేదాన్ని.

నాన్న వచ్చిన ఆదివారం పండగే. రాని ఆదివారానికి బస్సు మీద నెపం. బస్సు తప్పిపోయిందనో, అసలు రాలేదనో, చల్లపల్లిలో ఆగిపోయిందనో పక్కింటి వాళ్ళ ఫోనుకి కబురొచ్చేది. ఆ రోజుల్లో నేను తిట్టినన్ని తిట్లు ఆ బస్సుని ఇంకెవరూ తిట్టి ఉండరు. ఒక సాయంత్రం తిరుగు బస్సుకి బయలుదేరుతూ నాన్న నా జడ సవరించి, "ఒక పాత బండి చూసుకుంటానే తల్లీ. బండుంటే ఇక ఏ బస్సుతోనూ పనిలేదు. ప్రతి ఆదివారం నువ్వు పళ్ళు తోముకునేసరికి నీ ముందుంటా" అన్నాడు. ఆ మాట నేను పట్టుకున్నాను చూడండీ, ఉడుంపట్టు. తరవాతి జన్మకి సరిపడా మొక్కులు మొక్కాను ఆ బండి కోసం.

ముందు లైసెన్సు కావాలి కదా. నాన్నకి సైకిలు తప్ప మరోటి రాదు. పక్క వీధిలో ఎవరిదో బండి అడిగి తెచ్చి, సెలవు రోజుల్లో ఖాళీ జాగాలో బాబాయే వెనక పట్టుకుని పరిగెత్తేవాడు. ఆయనకీ బండి రాదు, సైకిలు నేర్పినట్టే నేర్పాడు. పరీక్ష రోజున మేమంతా వెళ్ళాం. సున్నంతో గీసిన ఎనిమిది అంకె మీద, కాలు కింద పెట్టకుండా బండి తిప్పాలి. నాన్న సగం దాకా బాగానే తిప్పాడు. అంతలో బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు కాగితాలు పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డారు. అంతే, నాన్న టక్కున బండి ఆపి, దిగి, దండం పెట్టాడు!

నవ్వకండి. కాలవ గట్టు మీద సైకిలు తొక్కి పెరిగిన మనిషి. ఎదురుగా పెద్దవాళ్ళొస్తే దిగి పక్కన నిలబడాలని వాళ్ళ నాన్న నేర్పాడు. ఇరవై ఏళ్ళ గుమాస్తాగిరీలో ఆఫీసరు కనపడ్డాక సీటు మీద ఉండిపోయిన పాపాన పోలేదు. "ఏవండీ, దండం ఎవరు పెట్టమన్నారు మిమ్మల్ని? మళ్ళీ రండి" అన్నారు ఆయన. నాన్న మొహం చిన్నబోయింది. నేనైతే అక్కడే ఏడుపు లంకించుకున్నాను, నా ఆదివారాలు పోయినట్టే కదా మరి.

రెండోసారి వెళ్ళినప్పుడు బాబాయి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఆ ఎనిమిదికి అవతలి చివర ఎండలో నిలబెట్టాడు. నాన్నతో, "మీరు ఆ ఇన్‌స్పెక్టరు వంక చూడొద్దు అన్నయ్యగారూ. అమ్మాయిని చూస్తా తిప్పండి" అన్నాడు. నాన్న అలాగే చేశాడు. మెలిక తిరిగిన ప్రతిసారీ ఆయన కళ్ళు నన్ను వెతుక్కోవడం నాకింకా కనిపిస్తుంది. కాలు కింద పడలేదు. లైసెన్సు వచ్చింది.

ఇక బండి. అప్పట్లో రొయ్యల చెరువులు వేసి కళ్ళు చెదిరే లాభాలు చూసినవాళ్ళు, తరవాత జబ్బు తగిలి పంట పోయాక కొన్న బండ్లన్నీ అమ్ముకుంటున్నారు. కృత్తివెన్ను వైపు మంచి బండి ఉందని ఎవరో చెబితే ముగ్గురం పొద్దున్నే వెళ్ళాం. ఎర్రటి బండి, తళతళలాడిపోతోంది. నాన్నకి చూడగానే మనసు పడిపోయింది. అమ్మే ఆయన ఒక్క కిక్కు కొట్టగానే స్టార్టయింది. నాన్న "ఖాయం చేసుకుందాం" అన్నంత పని చేశాడు.

బాబాయి వంగి, అరచెయ్యి ఇంజను మీద పెట్టి తీశాడు. "వెచ్చగా ఉందేంటండీ" అన్నాడు. ఇప్పుడే సెంటరు దాకా వెళ్ళొచ్చానండి అన్నాడాయన. ఓహో అని, బాబాయి వెళ్ళి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళడిగాడు. ఆ తరవాత జరిగింది నేను చచ్చేదాకా మర్చిపోలేను. మా ఇంట్లో మూడో ముక్క మాట్లాడని మనిషి కబుర్లు మొదలుపెట్టాడు! చెరువు లోతెంత, మేత ఏం వేసేవారు, గాలివానకి గట్టు తెగిందా, మీ ఆడవాళ్ళ చేతి గాజులు మా చిలకలపూడివేనా, మెరుపు తగ్గకుండా ఎలా కాపాడుకోవాలి. గంటన్నర! నాన్నా నేనూ ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. కాఫీలు కూడా వచ్చాయి. తాగి, గ్లాసు కింద పెట్టి, లేచి, మళ్ళీ ఇంజను మీద చెయ్యి వేసి, "ఇప్పుడు కొట్టండి" అన్నాడు.

పాతిక కిక్కులు కొట్టి ఉంటాడు పాపం. చొక్కా తడిసిపోయింది గాని బండి దగ్గను కూడా దగ్గలేదు. బాబాయి ట్యాంకు అడుగున వేలితో గీరితే ఎర్ర రంగు పెచ్చుగా ఊడి, లోపల ఉప్పు తిన్న తుప్పు రాలింది. పూత పెట్టేవాడికి పూత కింద ఏముంటుందో ఒకరు చెప్పాలా. ఆయన్ని ఒక్క మాట అనకుండా దండం పెట్టి బయటికొచ్చాడు.

ఆ ఊళ్ళోనే ఒక రిటైరైన మాస్టారి పాకలో ఇంకో బండి ఉందన్నారు. నల్లది, వెలిసిపోయింది, సీటు మీద కోళ్ళు పడుకున్నట్టున్నాయి. నాన్న మొహం ముడుచుకున్నాడు. ఇంజను మంచులా ఉంది. చోక్ లాగి కొడితే రెండో కిక్కుకి అందుకుంది. నాన్న, మాస్టారు బేరంలో ఉండగా, అంత అందమైనదాన్ని వదిలి దీన్నెందుకు తీసుకుంటున్నామని నేను ధైర్యం చేసి అడిగాను. బాబాయి నా వైపు తిరిగి మొట్టమొదటిసారి ఒక పూర్తి మాట మాట్లాడాడు. "వేడి మీద ఏ బండైనా స్టార్టవుద్దమ్మా. చల్లగా ఉన్నప్పుడు చూడాలి." బాబాయి బస్సులో వచ్చాడు. నేను నాన్న నడుం పట్టుకుని పెడన మీదుగా బందరు దాకా ఆ నల్ల బండి వెనక సీటు మీద వచ్చాను. ఆ రోజంత సంతోషం నాకు మళ్ళీ దొరకలేదు.

నాలుగు ఆదివారాలు నాన్న అన్నట్టే వచ్చాడు. వీధి మొదట్లో ఉండగానే ఆ ఇంజను చప్పుడు నాకు తెలిసిపోయేది. అయిదో ఆదివారం రాలేదు. టైరు పంచరన్నారు. ఆ తరవాత పెట్రోలు కారుతోందన్నారు. ఆ తరవాత బండి అసలు స్టార్టే అవడం లేదని కబురొచ్చింది. నేను గుమ్మంలో కూర్చుని, దారిన పోయే ప్రతి బండి చప్పుడుకీ లేచి, కాదని తెలిసి కూర్చునేదాన్ని. బస్సు తప్పినప్పుడు బస్సుని తిట్టాను. ఇప్పుడెవర్ని తిట్టను? అక్కర్లేని పిల్లనైపోయానని నాలో నేనే కుమిలిపోయాను. బడిలో కూడా ఎవరితోనూ మాట్లాడటం మానేశాను.

ఎనిమిదో ఆదివారం బాబాయి పొద్దున్నే చొక్కా తొడుక్కుని, "పదమ్మా" అన్నాడు. ఎక్కడికని అడగలేదు. బస్సు పులిగడ్డ దాటాక అర్థమైంది.

నాన్న వరండాలో కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగిపోయింది. మమ్మల్ని చూసి గబుక్కున లేచాడు, నవ్వబోయాడు, నవ్వు రాలేదు. బండి చూరు కింద నిలబెట్టి ఉంది, దాని మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము. "ఇది మొండికేసిందే తల్లీ, ఎంత కొట్టినా..." అంటున్నాడు. నేను బాబాయి వైపు చూసి, కొట్టి చూడు బాబాయ్ అన్నాను. బాబాయి ఇంజను వైపు చెయ్యి చాపినవాడల్లా వెనక్కి తీసుకున్నాడు. "వద్దులేమ్మా, ఇవాళ కాదు" అన్నాడు.

నాకు తిక్కరేగింది. చల్లగా ఉన్నప్పుడు చూడాలని నేర్పింది ఆయనే కదా! వెళ్ళి తాళం తిప్పాను, చోక్ లాగాను, కిక్కు మీద రెండు కాళ్ళతో ఎక్కి దూకాను. మొదటి దెబ్బకే స్టార్టయింది. ఆ వాకిలంతా ఆ చప్పుడే. నాన్న తల దించుకుని స్తంభం పట్టుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను, ఒక్క క్షణం. బాబాయి వచ్చి తాళం తిప్పి ఆపేశాడు.

నాన్న మాట్లాడాడు, నాతో కాదు, నేలతో మాట్లాడినట్టు. "రావడానికేం, ఎగురుకుంటా వస్తాను. సాయంత్రం పిల్లని అక్కడ వదిలేసి తిరిగి రావడమే నా వల్ల కావట్లేదు. బస్సులో అయితే పదిమంది ఉంటారు, ఏదో ఒకటి మాట్లాడతారు. బండి మీద వెనక సీటు ఖాళీగా ఉంటదండీ. ఇల్లు చేరేదాకా వీపుకి తెలుస్తానే ఉంటది." అంత పెద్ద మనిషి కండువాతో మొహం కప్పుకుని ఏడ్చాడు. నేను వెళ్ళి ఆయన వీపుకి ఆనుకుని, ఇద్దరికీ సరిపడా ఏడ్చాను.

తిరుగు బస్సులో బాబాయి కిటికీ లోంచి బయటికి చూస్తూ అన్నాడు. "ఆ పరీక్ష బండికి చెప్పానమ్మా. మనిషికి కాదు." కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. బందరు చేరేదాకా నేను తలెత్తలేదు.

ఆ తరవాత బాబాయి నలభై అయిదేళ్ళ వయసులో లైసెన్సుకి వెళ్ళాడు. ఎనిమిదికి అవతలి చివర నేనే నిలబడ్డాను, ఎవరూ చెప్పకుండానే. నల్ల బండి మా వాకిట్లోకి వచ్చింది. నా పదో తరగతి అయ్యేదాకా ప్రతి ఆదివారం ఆయన నన్ను ఎక్కించుకుని దివిసీమ తీసుకెళ్ళి, సాయంత్రం ఎక్కించుకుని తెచ్చాడు. దారిలో మాట్లాడేవాడు కాదు, ఇంట్లోనూ మళ్ళీ "అన్నం పెట్టు" దగ్గరికే వచ్చేశాడు. నాకప్పుడు ఆ మౌనం బరువనిపించలేదు. నాన్న మాత్రం గుమ్మంలో నిలబడి, బండి మలుపు తిరిగేదాకా చూసేవాడు. వెనక్కి చూసిన ప్రతిసారీ ఆయన అక్కడే ఉండేవాడు.

ఇప్పుడు నాన్నా బాబాయీ ఇద్దరూ లేరు. నేను గుడివాడలో ఒక్కదాన్నే ఉంటున్నాను. పిల్లలు, తెలిసినవాళ్ళు వస్తామంటారు, ఒక్కోసారి రారు. ట్రాఫిక్ అంటారు, ఒంట్లో బాగోలేదంటారు. ఆ మాటలు వినగానే నా కాలు ఆ కిక్కు వైపు పోతుంది, ఇంకా పోతుంది. ఆ రోజు వాకిట్లో మోగిన చప్పుడు గుర్తొచ్చి వెనక్కి తీసుకుంటాను. ఎందుకు రాలేదని అడగను. వచ్చినవాళ్ళు బయలుదేరుతున్నప్పుడు మాత్రం వీధి గుమ్మం దాకా వెళ్ళి, "తోడు ఎవరైనా ఉన్నారా, ఒక్కరే వెళ్తున్నారా?" అని అడుగుతాను. ఒక్కరే అంటే, మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడతాను.