బావ లారీ తిన్నగా నడిచిన రోజు

ఇది నేను రాసి పెట్టకపోతే ఇక ఎవరూ రాయరు. మొన్న తిరుపతిలో మా అబ్బాయి కారు ముందు చక్రాలు సరిచేయించడానికి వెళ్ళాం. కంప్యూటరు ముందున్న కుర్రవాడు కాసేపట్లోనే లేచి, "అయిపోయింది సార్" అన్నాడు. ఆ పనికే డెబ్బైల చివర చిత్తూరులో మేము నాలుగు రోజులు పడ్డ పాట్లు గుర్తొచ్చి నా ఒళ్ళు పులకరించింది.

మా అక్క మొగుడు, అంటే మా బావ, మామిడితోటల దారిలో రాళ్ళు అడుగున తగులుతున్నాయని లారీ ఎత్తు పెంచించాడు. ముందు కమానుకట్టల్లో, అంటే స్ప్రింగు పట్టీల కట్టల్లో, ఒక పట్టీ కలిపి, వెనక మాత్రం మందమైన ఇనుప దిమ్మెలు వేయించాడు. లారీ ఏనుగులా లేచింది. నడక చెడింది. పూతలపట్టు దగ్గర డ్రైవరు బండి ఆపి దిగేశాడు.

"తిప్పితే తిప్పిన పక్కకే పోతా ఉండాది బ్బా! నాకు పెండ్లాం బిడ్డలుండారు."

సోమవారానికి లారీ రాకపోతే కాయ వేరే బండికెత్తుతానని తోట ఆసామి అప్పటికే చెప్పేశాడు. ఆ సీజను పోతే లారీ అమ్ముకోవడమే. బావ అన్నం మానేశాడు.

నేను ఆఫీసు గుమస్తాను. అయినా గ్రంథాలయంలోని లావుపాటి ఇంగ్లీషు మోటారు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివినవాణ్ణి. బయటికివ్వని ఆ పుస్తకాన్ని లైబ్రేరియనమ్మ గోనెసంచిలో పెట్టి ఇచ్చింది. సైకిలు ముందు ఫోర్కు చూడండి, పైభాగం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు వల్లే చక్రం తనంతట తాను తిన్నబడుతుంది. లారీకీ అంతే. వెనక ఎత్తు ఎక్కువై, ముక్కు కిందికి వంగి మా బండి ఆ వాలు పోగొట్టుకుంది. ఇరుసుకూ కమానుకట్టకూ మధ్య, ఒక అంచు మందంగా ఇంకో అంచు పలచగా ఉన్న ఇనుప ముక్క పెడితే వాలు తిరిగొస్తుంది!

"పుస్తకం సదివి లారీ బాగు సేస్తావా సామీ? దాని బదులు పుత్తూరుకు తోలకపోయి ఎముకల కట్టు కట్టిద్దాం పా," అన్నాడు షెడ్డు మేస్త్రీ. అయినా బొమ్మ చూసి ముక్కలు సాన పట్టాడు. పక్కనుంచి గీసిన ఆ బొమ్మలో మందమైన అంచు కుడివైపు. కుడివైపే పెట్టించాను. డ్రైవరును బతిమాలి ఎక్కించి, నిమ్మకాయలు తొక్కించి బయలుదేరితే లారీ మునుపటికంటే ఘోరంగా ఊగింది. ఎదురొచ్చిన ఎద్దులబండి తప్పుకుని చేలోకి దిగింది. బావ నా వైపు చూడలేదు.

ఆదివారం షెడ్డులో పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. బొమ్మలోని లారీ ముక్కు ఎడమకుంది. నేను నిలబడి చూసిన పక్కనుంచి మా లారీ ముక్కు కుడికి. మందమైన అంచు వెనక్కి ఉండాల్సింది, ముందుకు పెట్టించాను!

"మేస్త్రీ, తిరగేయప్పా!" అని అరిచాను.

"లారీనా, పుస్తకాన్నా?" అన్నాడు, నవ్వుతూనే కిందికి దూరాడు.

మధ్యాహ్నం తిరుపతి రోడ్డు ఎక్కాం. మలుపు దాటగానే డ్రైవరు స్టీరింగు మీంచి పట్టు వదిలాడు. అది గిర్రున తిరిగి తనే మధ్యకొచ్చి నిలిచింది. "నిలబడినాది, సూడప్పా, నిలబడినాది!" అని డ్రైవరు కేకలేస్తుంటే బావ పక్కసీట్లో ఏడుస్తూ నవ్వాడు. సోమవారం తెల్లారేసరికి లారీ తోటలో ఉంది.

పుస్తకమిచ్చిన సుందరమ్మగారికి, ముక్కలు రెండుసార్లు బిగించిన షరీఫ్ మేస్త్రీకి, ప్రాణం అరచేత పెట్టుకుని తోలిన మునెప్పకు, నన్ను నమ్మిన గోవిందయ్య బావకు దండాలు. వాళ్ళలో ఇప్పుడు ఎవరూ లేరు. నాకు వయసొచ్చింది గానీ, ఆ మధ్యాహ్నానికి ఇంకా రాలేదు.