నడవలో నడక

మా ఇంట్లోకి ట్రెడ్‌మిల్ రావడానికి కారణం ఒక పిట్ట.

డాక్టరు నాకు షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడిందనీ, రోజూ పొద్దున్నే నడవమనీ చెప్పాడు. మేముండేది ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలోని హారిసన్ అనే పేటలో. ఇంటి వెనకే నడవడానికి చక్కటి బాట, అటూ ఇటూ యూకలిప్టస్ చెట్లు. నేను బుద్ధిగా కొత్త బూట్లు కొనుక్కుని బయల్దేరాను. చలికాలమంతా ముక్కు కారుతున్నా మానలేదు. తీరా ఎండలు మొదలై, పూలు పూసి, హాయిగా నడుద్దామనుకునే వేళకి మ్యాగ్‌పైలు గూళ్ళు పెట్టాయి.

మ్యాగ్‌పై అంటే నలుపూ తెలుపూ కలిసిన పిట్ట. కాకంత ఉంటుంది. ఏడాది పొడుగునా ఎంతో మర్యాదగా పాడుకుంటూ ఉంటుంది. గూట్లో పిల్లలున్న ఆ కొద్ది వారాలూ మాత్రం దానికి మనిషన్నవాడు కనిపించకూడదు. వెనకనుంచి చప్పుడు లేకుండా వచ్చి నెత్తి మీద టక్కున పొడుస్తుంది. మా బాట మీదుగా రోజూ ఎంతోమంది వెళ్ళేవారు. ఆ పిట్టకి నా బట్టతలే నచ్చింది.

"దానికి ఫేసెస్ గుర్తుంటాయి డాడ్. ఇట్ హేట్స్ యూ," అంది మా అమ్మాయి. హైస్కూల్లో చదువుతోంది. తెలుగు అంతా అర్థమవుతుంది కానీ, జవాబు మాత్రం సగం ఇంగ్లీషులో వస్తుంది.

ఉపాయం కూడా తనే చెప్పింది. ఖాళీ ఐస్‌క్రీం డబ్బా నెత్తిమీద బోర్లించుకుని, దాని వెనకవైపు పెద్ద పెద్ద కళ్ళు గీస్తే, మనం దాన్నే చూస్తున్నామనుకుని పిట్ట రాదట. ఇక్కడ పోస్టు ఇచ్చేవాళ్ళు కూడా అలాగే చేస్తారంది. కళ్ళు తనే గీసింది. కనుబొమలు కూడా పెట్టింది. ఆ డబ్బా తాడుతో గడ్డం కింద కట్టుకుని బయల్దేరితే, పక్కింటాయన గడ్డి కోస్తూ యంత్రం ఆపేసి మరీ నన్ను చూశాడు. ఆయన రిటైరయిన ఆస్ట్రేలియన్. ఆరడుగుల పైన మనిషి, ఎవరికేం కావాలన్నా తన గ్యారేజీలోంచి తెచ్చి ఇచ్చే రకం.

"పార్టీకి వెళ్తున్నావా, మేట్?" అన్నాడు.

"వాకింగ్‌కి," అన్నాను.

పిట్ట ఆ కళ్ళ మధ్యలోనే పొడిచింది. డబ్బాకి చిల్లు పడింది. ఇంటికొచ్చి ఇక బయట నడిచేది లేదని చెప్పేశాను. ఆ శనివారమే నేనూ మా ఆవిడా ట్రెడ్‌మిల్ చూడ్డానికి వెళ్ళాం.

మా ఆవిడ ఏ కొట్టుకెళ్ళినా చీరల కొట్టుకెళ్ళినట్టే వెళ్తుంది. మొదట చూపించింది కొనదు, ఆఖరున చూపించింది కూడా కొనదు. షాపులో వరసగా ట్రెడ్‌మిల్లులు పెట్టి ఉన్నాయి. ఒక్కోదాని పట్టా మీదా చెయ్యి వేసి, బట్ట నాణ్యం చూసినట్టు వేళ్ళతో రుద్ది చూసింది. సేల్స్ కుర్రాడు మోటారు గురించీ, వాలు పెంచే మీట గురించీ ఏవేవో చెబుతున్నాడు. ఆవిడ అన్నీ విని, నావైపు తిరిగి తెలుగులో అంది:

"ఏమండీ, ఎవరింట్లో చూసినా ఆర్నెల్లకి దీనిమీద బట్టలే ఆరేస్తున్నారు. ఎలాగూ అంతేగా. హ్యాండిల్స్ పొడుగ్గా ఉన్నది చూడండి."

"నేను నడుస్తానే. నీకు నమ్మకం లేదా?"

"నమ్మకం ఉంది. చీర ఆరేసేంత పొడుగుండాలంతే."

ఆ మాటకి పౌరుషం వచ్చి, నేను దగ్గర్లో ఉన్న ఒకదాని మీదకెక్కాను. సేల్స్ కుర్రాడు ఎర్రటి తాడొకటి చూపించి, దాని క్లిప్పు చొక్కాకి పెట్టుకోమన్నాడు. కాలు తప్పితే తాడు ఊడి యంత్రం ఆగిపోతుందట. నేను నడవడమంటే తెలియనివాణ్ణా అనుకుని, పెట్టుకోలేదు. కాసేపు నిమ్మళంగా నడిచాను. వేగం పెంచాను. బాగానే ఉంది. "చూడు!" అని మా ఆవిడ వైపు తిరిగాను. ముఖం తిరిగింది కానీ కాళ్ళు తిరగలేదు. తర్వాత నాకు గుర్తున్నదల్లా, వెనక పేర్చిన యోగా చాపల గుట్టమీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉండటం. ఎదురుగా పట్టా తన మానాన తను తిరుగుతోంది.

"యూ ఆల్‌రైట్, మేట్?" అంటూ సేల్స్ కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు.

మా ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసి, ఎముకలన్నీ ఉన్నాయని నిర్ధారించుకుని, "ఇది గట్టిగానే పనిచేస్తోందండీ. ఇదే తీసుకుందాం," అంది.

ఆవిడ అంత తొందరగా ఒక వస్తువు ఎంచుకోవడం మా పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

తెచ్చినవాళ్ళు పెట్టెని గ్యారేజీలో దించి వెళ్ళిపోయారు. దాన్ని ఇంట్లోకి తీసుకెళ్ళి, చివర్లో ఉన్న చిన్న గదిలో బిగించాలి. పక్కింటాయన సాయానికొచ్చాడు. "ముక్కలు ముక్కలుగా లోపలికి పట్టుకెళ్ళి అక్కడే బిగిద్దాం," అన్నాడు. నేను వినలేదు. గ్యారేజీలో వెలుతురు బాగుంది, జాగా ఉంది, దీనికి కింద చక్రాలున్నాయి, ఇక్కడే బిగించేసి తోసుకుపోదామన్నాను. ఆయన భుజాలెగరేసి, నేను చెప్పినట్టే చేశాడు. నా ఇంజనీరింగ్ డిగ్రీ మీద ఆయనకి నాకంటే గౌరవం ఉన్నట్టుంది.

బిగించాం. తోశాం. గుమ్మం దాటింది. మా ఇంట్లో వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా ఒకటే పొడుగాటి సన్నటి నడవ. అటొక గది, ఇటొక గది. నడవలో రైలు పట్టాల మీద పోయినట్టు పోయింది. నేను గర్వంగా ఆయన వంక చూశాను. చిన్నగది దగ్గర మలుపు వచ్చింది. అక్కడది తిరగలేదు. అటు తిప్పాం, ఇటు తిప్పాం, నిలబెట్టబోయాం. గోడ మూల పెచ్చు ఊడింది. పోనీ వెనక్కి లాగుదామంటే చక్రం ఒకటి విరిగింది. విప్పేద్దామంటే ఒక బోల్టు రాలేదు. అది నేను బలంకొద్దీ బిగించిన బోల్టు. తిప్పగా తిప్పగా దాని తల అరిగి గుండ్రంగా తయారైంది.

పక్కింటాయన చెమట తుడుచుకుని, "వెల్, ఇట్స్ ఇన్," అన్నాడు.

అలా మా ట్రెడ్‌మిల్ నడవలో స్థిరపడింది. దానికీ గోడకీ మధ్య చెయ్యి దూరేంత సందు కూడా లేదు. పడగ్గదిలోంచి వంటింట్లోకెళ్ళాలంటే దాని మీద ఎక్కి దిగాలి. కాఫీ కప్పుతో ఎక్కాలి, ఉతికిన బట్టల బుట్టతో ఎక్కాలి. ముందువైపు మీటలున్న బల్ల అడ్డం కాబట్టి, అక్కడ ఒంగి దాని కిందనుంచి దూరాలి. మా అమ్మాయి స్కూలు బ్యాగుతో రోజూ అలా దూరుతూ, "దిస్ ఈజ్ నాట్ ఎ హౌస్, దిస్ ఈజ్ అన్ ఆబ్‌స్టకిల్ కోర్స్," అనేది. నేను పౌరుషంగా నాలుగు రోజులు దాని మీద నడిచాను. నేను నడుస్తున్నంతసేపూ ఇంట్లో రాకపోకలు బంద్. మా ఆవిడ వంటింట్లో ఇరుక్కుపోయి, "అయిందా? నాకు మీటింగుంది!" అని కేకలేసేది.

ఈ స్థితిలో మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు.

ఆవిడ సూట్‌కేసులతో గుమ్మంలో నిలబడి, ఎదురుగా నల్లటి యంత్రాన్ని చూసి, "బాబుగారూ, ఇదేంటండీ, ఇంట్లోకే ఎస్కలేటర్ పెట్టించారా?" అన్నారు.

మా ఆవిడ నవ్వాపుకోలేక గోడకి చేరబడింది. నేను కథంతా చెప్పాను. అత్తగారు సానుభూతిగా విని, కొత్త యంత్రానికి పూజ చేయించారా అని అడిగారు. లేదన్నాను. "అదీ సంగతి!" అన్నారు. ఇక నా తప్పేం లేదని తేలిపోవడంతో నాకూ సంతోషమేసింది.

మర్నాడు హ్యాండిల్స్‌కి పసుపు రాసి బొట్లు పెట్టారు. హారతిచ్చారు. బండికైతే చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తాం కదా, దీనికి చక్రం కనబడటంలేదే అని ఆలోచించి, నిమ్మకాయని పట్టా మీదే పెట్టారు. "ఊఁ, కానివ్వండి బాబూ," అన్నారు. నేను మీట నొక్కాను. ఆ ముందురోజు మా అమ్మాయి ఎవరితోనో పందెం వేసుకుని పరిగెత్తిందట, వేగం అక్కడే ఉంది. నిమ్మకాయ జువ్వలా లేచి, నడవ దాటి, తీసి ఉన్న వీధి గుమ్మంలోంచి బయటికి పోయి, పక్కింటాయన కుక్క ముందు పడింది. కుక్క దాన్ని కొరికి, మా ఇంటివైపు చూసిన చూపు నేను వర్ణించలేను.

"దిష్టి పోయింది," అన్నారు అత్తగారు తృప్తిగా.

ఆ రోజునుంచీ ట్రెడ్‌మిల్ ఆవిడదైపోయింది. మనవరాలి పాత బూట్లు తొడుక్కుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని, అన్నిటికంటే తక్కువ వేగంలో పెట్టుకుని, పొద్దున్నే స్తోత్రాలు చదువుకుంటూ నడిచేవారు. చిన్నగది మలుపు దగ్గర గోడకి ఆంజనేయస్వామి పటం తగిలించుకున్నారు. అది సరిగ్గా ఊడిన పెచ్చుని కప్పింది. ఇవి ప్రదక్షిణలేనని ఆవిడ వాదన.

"అమ్మా, చుట్టూ తిరిగితేనేగా ప్రదక్షిణ?" అంది మా ఆవిడ.

"నేను నడుస్తున్నాను, పట్టా తిరుగుతోంది. ఇద్దరం కలిసి చేస్తున్నాం. ఆయనకి తెలియదా?"

ఇది తర్కానికి నిలుస్తుందో లేదో కానీ, ఆవిడ మాత్రం రోజూ నడిచేవారు. నేను మాత్రం దారి దొరికాక దాటి ఆఫీసుకెళ్ళేవాణ్ణి.

మాది అద్దె ఇల్లు. ఇక్కడ అద్దె ఇళ్ళని ఏజెంటు అప్పుడప్పుడూ వచ్చి తనిఖీ చేసి ఫొటోలు తీసుకుంటారు. ఆ సంగతి అత్తగారికి చెప్పడం మర్చిపోయాం. ఏజెంటమ్మాయి ఎత్తు మడమల చెప్పులేసుకుని, చేతిలో ట్యాబ్లెట్‌తో వచ్చేసరికి, ఆవిడ స్తోత్రం మధ్యలో ఉన్నారు. మధ్యలో మాట్లాడకూడదు. అందుకని నడుస్తూనే చెయ్యెత్తి, ట్రాఫిక్ పోలీసులా ఆగమన్నారు. ఆ అమ్మాయి ఆగింది.

"షీ ఈజ్ ప్రేయింగ్," అన్నాను.

ఆ అమ్మాయి ట్రెడ్‌మిల్‌నీ, బొట్లనీ, బూట్లనీ, ఆంజనేయస్వామినీ వరసగా చూసి, "రైట్," అంది. ఆ 'రైట్' చాలా సేపు సాగింది.

స్తోత్రం ముగిసింది. అత్తగారు దిగి, ఆ అమ్మాయి చెప్పులు చూసి నొచ్చుకుని, "అయ్యో, వీటితో పొద్దుట్నుంచీ తిరుగుతున్నావా తల్లీ?" అన్నారు. భాష తెలియకపోయినా ఆ పిల్లకి విషయం అర్థమైనట్టుంది, చెప్పులు విప్పేసింది. వంటింట్లోకి దారి ఇదేనని నేను చెప్పగానే, హ్యాండిల్స్ పట్టుకుని పట్టా మీదకెక్కింది. పాపం, నడవడానికే ఎక్కిందనుకున్నారు అత్తగారు. మీట నొక్కారు.

"ఓ! ఓకే! వీ ఆర్ మూవింగ్!" అంది ఆ అమ్మాయి. ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో ట్యాబ్లెట్. నేను ఆపబోతే, వద్దంది. కాసేపు నడిచింది. నడుస్తూనే నడవ ఫొటోలు తీసింది, అన్నీ అలుక్కుపోయినట్టు వచ్చాయి. దిగాక అత్తగారు పెట్టిన జంతికలు తిని, ఇంకో రెండింటిని రుమాల్లో కట్టించుకుని, చివరికి పటం వైపు తిరిగి, "దాని వెనక గోడ పగిలిందా?" అని అడిగింది.

నేను జంతికల పళ్ళెం మళ్ళీ ముందుకు జరిపాను.

"ఇల్లు ఖాళీ చేసేలోపు బాగు చేయించండి," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

గోడ సంగతి బయటపడటంతో నాకు పట్టుదల వచ్చింది. పక్కింటాయన డ్రిల్లు తెచ్చి ఒక్క ఆదివారంలో ఆ బోల్టుని తొలిచేశాడు. ట్రెడ్‌మిల్‌ని ముక్కలుగా విప్పి, చిన్నగదిలోకి చేర్చి మళ్ళీ బిగించాం. ఈసారి ఆయన చెప్పినట్టే. నడవ ఖాళీ అయింది. ఎంత విశాలంగా ఉందో! మా అమ్మాయి అటునుంచి ఇటు పిల్లిమొగ్గలేసింది. మేం మాత్రం పట్టా ఉండిన చోటికి రాగానే అలవాటుగా కాలెత్తి వేసేవాళ్ళం. మీటలబల్ల ఉండిన చోట నేను ఒకటి రెండుసార్లు ఒంగాను కూడా.

చిత్రమేమిటంటే, గదిలోకెళ్ళాక దాని మీద ఎవరూ నడవలేదు. తలుపేసుకుని గోడకేసి చూస్తూ నడవడం అత్తగారికి నచ్చలేదు. "ఒక్కదాన్నీ ఇందులో ఏం నడుస్తానమ్మా, ఇంట్లో ఎవరేం చేస్తున్నారో తెలియదు," అన్నారు. నడవలో ఉన్నప్పుడు వంటింట్లో పోపు మాడితే అక్కణ్ణించే చెప్పేవారు, గుమ్మంలోకి ఎవరొచ్చినా మొదట పలకరించేవారు, మనవరాలు కిందనుంచి దూరుతుంటే నెత్తిమీద ఒకటి మొట్టేవారు. గదిలో అవేవీ లేవు. పది రోజులు తిరక్కుండా దాని మీద తడిబట్టలు వెలిశాయి. మా ఆవిడ వాటి పక్కనే తన చీర కూడా ఆరేసి, అంచులు సర్దింది. అదే ఎక్కువ బాధగా అనిపించింది.

"మళ్ళీ నడవలోకే తెచ్చేద్దామా?" అన్నాను ఒక సాయంత్రం, ఎవరైనా కాదంటారేమోనని చూస్తూ.

"ఐ వాజ్ గోయింగ్ టు సే," అంది మా అమ్మాయి.

పక్కింటాయన్ని మూడోసారి పిలవడానికి నాకు మొహం చెల్లలేదు. మా ఆవిడే వెళ్ళి పిలిచింది.  ఆయన పనిముట్ల పెట్టె పట్టుకుని వచ్చి, విప్పి, తెచ్చి, బిగించి, "సో, హియర్?" అని ఒక్కసారి రూఢి చేసుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు పొద్దున అత్తగారి వంతు, స్కూలయ్యాక మా అమ్మాయి వంతు. ఆఫీసు నుంచొచ్చాక మా ఆవిడ ఎక్కుతుంది. ఆవిడ నడిచినంతసేపూ నేను వంటింటి వైపు చిక్కుకుపోతాను కాబట్టి, ఆ చివర పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంటాను. ఆవిడ తన ఆఫీసులో ఎవరేమన్నారో రొప్పుతూ చెబుతుంది. కోపమొచ్చిన చోట తనకి తెలియకుండానే వేగం పెంచుతుంది. నేను వింటూ, "తర్వాత?" అంటాను.