‘కేసు’ అన్న మాట

2003 జూన్ బదిలీల్లో నన్ను చెరుకుపల్లి అవతల ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి స్టాఫ్ నర్సుగా వేశారు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ల సర్వీసు. కాపురం బాపట్లలో. పొద్దున్నే రేపల్లె బస్సెక్కి ఎనిమిదింటికల్లా డ్యూటీలో ఉండేదాన్ని. ఆ కేంద్రంలో ఒక మెడికల్ ఆఫీసరు, ఒక ఫార్మసిస్టు, ఒక ఆయా, నేను. డాక్టరు గారు మీటింగుకు వెళ్లిన రోజున కాన్పుల గది బాధ్యత, పెద్దాసుపత్రికి ఎవరిని పంపాలన్న నిర్ణయం నావే.

నా గురించి ఒక సంగతి ముందే చెప్పాలి. నేను పుట్టినప్పుడు బొడ్డు దగ్గర పొట్ట గోడ మూసుకోలేదు. కొన్ని పేగులు పల్చటి పొరసంచిలో బయటే ఉన్నాయట. మా పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఎగ్జాంఫలస్ అంటారు. తెనాలిలో ఒక ముసలి డాక్టరు కోత పెట్టకుండా, ఆ సంచికి మూడు నెలలు ఎర్రమందు పూయించి, దాని మీద చర్మం పాకేదాకా ఓపిక పట్టాడు. అలా బతికాను. కాకపోతే బొడ్డు లేదు. దాని చోట పెద్ద జామకాయంత ఉబ్బు ఉంది, దగ్గితే ఇంకాస్త ముందుకొస్తుంది. గ్రహణం రోజు మా అమ్మ కత్తిపీట ముట్టుకోవడం వల్లే ఇలా అయిందని నాయనమ్మ పోయేదాకా సాధిస్తూనే ఉంది.

ఈ సంగతి మా ఆయనకూ, ఉద్యోగంలో చేరేటప్పుడు నన్ను పరీక్షించిన డాక్టరమ్మకూ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. ట్రైనింగ్ హాస్టల్లో అందరికంటే ముందు లేచి స్నానం చేసేదాన్ని. లంగా కింద బెల్టు, పైన పొడుగు జాకెట్టు, ఎండాకాలమైనా అంతే. ఆపరేషన్ చేయించుకోమని మా ఆయన ఎన్నోసార్లు అన్నాడు. చేయించుకోవాలంటే ముందు చూపించాలి గదా, వాయిదా వేస్తూ పోయాను. బొడ్డు లేని మనిషినై ఉండి ఊళ్లవాళ్ల బొడ్లు కోయడమే వృత్తిగా బతికాను. తోటి సిస్టర్లు ఎదిగిన పిల్లల్ని చూసి “నీకు బొడ్డు కోసింది నేనేరా” అని ఆటపట్టించేవాళ్లు. నాకు మాత్రం ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

ఆ ఆగస్టులో ఒక పొద్దున సముద్రపొడ్డు పల్లె నుంచి ఆదెమ్మ అనే ఆవిడ కోడలు సత్యవతిని ఆటోలో తీసుకొచ్చింది. తొలి కాన్పు. సత్యవతి భర్త వేటకు పోయాడు, రెండు రోజులదాకా రాడు. డాక్టరు గారు మీటింగుకు వెళ్లారు. పది గంటల వేళ ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. పొట్ట చూశాను. బొడ్డు స్థానంలో నిమ్మకాయంత పొరసంచి, లోపల పేగులు కనబడుతున్నాయి.

చేయాల్సిన పని నాకు కంఠతా వచ్చు. బొడ్డుతాడును సంచికి దూరంగా కట్టి కోయాలి. సంచి ఆరకూడదు, పగలకూడదు. గోరువెచ్చటి సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ చుట్టి, దాని మీద శుభ్రమైన ప్లాస్టిక్ కప్పాలి. ఒళ్లు చల్లబడనీయకూడదు. నోటికి ఏమీ పట్టకూడదు. ఆ తర్వాత ఆలస్యం లేకుండా గుంటూరు పంపాలి. పంపే ముందు రిఫరల్ స్లిప్పు, అంటే ఏమైంది, ఏమేం చేశాం అన్నది పెద్దాసుపత్రి వాళ్లకు తెలిపే చీటీ, రాయాలి. చీటీ తప్ప మిగతావన్నీ సక్రమంగా చేసి ఆదెమ్మను పిలిచాను.

ఆవిడ చూసి వెనక్కి తగ్గింది. “ఇదేంటమ్మా! గ్రహణం నాడు ఇంట్లో కూర్చోవే అంటే విన్నదా ఇది,” అని కోడలి వైపు చూసింది. సత్యవతి గోడ వైపు తిరిగి పడుకుంది. నాయనమ్మ నోట నేను చిన్నప్పటి నుంచీ విన్న మాట అది. అది గ్రహణం వల్ల రాదని చెప్పాల్సింది, చెప్పలేదు. గుంటూరు తీసుకెళ్లాలని మాత్రం చెప్పాను.

ఆదెమ్మ మొండి మనిషి కాదు. ఒక్కటే అడిగింది. “తీసకపోతానమ్మా. అప్పుసొప్పు చేసైనా పోతా. కానీ ఇట్టాంటి పిల్ల బతికి బట్ట కడుద్దా? రేపు పెద్దదైతే ఎట్టా ఉంటది, ఎవడు చేసుకుంటాడు? నువ్వు ఎవర్నైనా చూశావా తల్లీ?”

సమాధానం ఆవిడ ఎదురుగానే నిలబడి ఉంది. తెర లాగి, బెల్టు విప్పితే అయిపోయేది. నా చెయ్యి చీర కుచ్చిళ్ల దాకా పోయింది కూడా. గదిలో ఆయా ఉంది. రేపటికల్లా ఊరంతా తెలుస్తుంది, బస్సులో నన్ను చూసి గుసగుసలాడుకుంటారు అనిపించింది. సిగ్గు ముంచుకొచ్చింది. సిగ్గేసినప్పుడు మా ఉద్యోగస్తులకు దాక్కోవడానికి ఆఫీసు భాష ఒకటి ఉంటుంది. అందులో దూరాను.

“బాపట్లలో ఇలాంటి కేసు ఒకటి ఉంది. ఇది గుంటూరు పంపాల్సిన కేసు. ఇక్కడే ఉండండి, నేను కేసు వివరాలు రాసుకొస్తాను,” అన్నాను.

వైద్యంలో కేసు అంటే రోగి. ఆదెమ్మ పల్లెలో కేసు అంటే పోలీసు స్టేషను. పాతికేళ్లు ఆ జనంలో తిరిగినదాన్ని, ఆ తేడా నాకు తెలుసు. ఆ క్షణాన గుర్తు రాలేదంటే కారణం, నేను ఆవిడ మొహం చూసి మాట్లాడలేదు.

చీటీ రాసి, తెనాలి దాకా వాహనం కోసం ఫోను చేసి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. మంచం ఖాళీ. ఆయా నీళ్లకు వెళ్లింది. పచ్చి బాలింతను నడిపించుకుని, పిల్లను కొంగులో చుట్టుకుని వాళ్లు వెళ్లిపోయారు. నేను రిజిస్టరు తీసి, నిబంధన ప్రకారం ‘బంధువులు రిఫరల్‌కు నిరాకరించి వెళ్లిపోయారు’ అని ఎర్ర సిరాతో రాసి సంతకం చేశాను. ఆ రోజే వెతుక్కుంటూ వెళ్లి ఉండొచ్చు. డ్యూటీ వదిలి రాకూడదన్న రూలు అడ్డం పెట్టుకున్నాను.

మర్నాడు డాక్టరు గారికి చెప్పి ఆ పల్లెకు వెళ్లాను. బస్సు దిగి రెండు మైళ్లు నడక. పాకలో పిల్ల బతికే ఉంది. నేను చుట్టిన గాజుగుడ్డ తీసేసి సంచి మీద పసుపు, కొబ్బరినూనె మెత్తారు. అది ఎండి, ఒక పక్క సన్నగా చీలింది. నన్ను చూడగానే ఆదెమ్మ చేతులు జోడించింది. “కేసు రాస్తానంటివి గదమ్మా. మేమేం చేశామని? బాపట్లలో ఎవరి మీదో కూడా పెట్టారంటివి. పిల్ల చస్తే కోడల్ని స్టేషనుకి తీసకపోతారేమోనని భయమేసింది.”

నాకు తల కొట్టేసినట్టయింది. తడిక మూసి రమ్మన్నాను. చీర జారవిడిచి, బెల్టు విప్పి, జాకెట్టు పైకెత్తాను. “బాపట్లలో ఉన్నది నేనే. నేనూ ఇలాగే పుట్టాను. పెళ్లయింది. ఉద్యోగం చేస్తున్నాను,” అన్నాను.

సత్యవతి మంచం మీద లేచి కూర్చుని చూసింది. ఆదెమ్మ దగ్గరకొచ్చి, ఆ ఉబ్బు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉంచింది. ఆవిడ కోప్పడలేదు. “ఇది నిన్న చూపిస్తే పోయేదిగా అమ్మా,” అంది.

అర్ధగంటలో బయల్దేరాం. రేపల్లెలో రైలెక్కి తెనాలిలో దిగి గుంటూరు చేరాం. దారంతా పిల్లను నా ఒళ్లోనే పెట్టుకున్నాను. అక్కడ వెంటనే చేర్చుకుని చేయగలిగిందంతా చేశారు. లోపలికి ఇన్‌ఫెక్షన్ పాకింది. తొమ్మిదో రోజున పిల్ల పోయింది. ఒక రోజు ముందు తెస్తే బతికేదా అని డాక్టరును అడగలేదు. అడిగితే చెప్పేవాడే.

రిటైరయ్యేలోపు అలాంటి బిడ్డను ఇంకొక్కసారి చూశాను, రేపల్లె దగ్గర, మగపిల్లవాడు. గాజుగుడ్డ చుట్టగానే తలుపు మూయించి, వాళ్లు అడగకముందే తల్లికీ అమ్మమ్మకీ నా పొట్ట చూపించాను. చీటీ ఆ తర్వాతే రాశాను. వాడు బతికాడు. ఆ రోజు ఆయా కూడా గదిలోనే ఉంది. ఊరంతా తెలిసింది. వారం పాటు బస్సులో నావైపు చూశారు, తర్వాత మానేశారు. దాచుకున్నది అంత చిన్న సంగతి.

ఈ వృత్తిలో రిజిస్టరులో రాసిందే సాక్ష్యం. 2003 ఆగస్టు పుటలో నా సంతకం కింద ఎర్ర సిరాతో ఇప్పటికీ ‘బంధువులు నిరాకరించి వెళ్లిపోయారు’ అనే ఉండి ఉంటుంది. అది తప్పుడు నమోదు. ఆదెమ్మ వెళ్తాననే అంది, వెళ్లే ముందు ఒక్కటి చూపించమని అడిగింది. నిరాకరించింది నేను.